సంత ముగిశాక దిగిన చింతపండు

"మావయ్యా, మళ్ళీ పోయింది!"

హెడ్‌సెట్ తగిలించుకుని, గది మధ్యలో చేతులు చాచి నిలబడ్డ మా మేనల్లుడి కేక అది. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో అక్కావాళ్ళింటికి సెలవులకు వెళ్ళాను. దల్‌పత్ సాగర్ చెరువు గట్టుకు నడిచిపోయేంత దూరంలో ఇల్లు. వాడు రెండేళ్ళు డబ్బు దాచుకుని, ముక్క ముక్కగా కొని కూర్చుకున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గేమింగ్ సరంజామా మేడ మీద గదిలో ఉంది. ఆట మంచి పట్టులో ఉండగా కళ్ళముందు లోకమంతా నల్లబడుతుంది, చెవిలో శబ్దం తెగిపోతుంది. మూడు నాలుగు సెకన్లకు రెండూ తిరిగొస్తాయి. ఆ మూడు నాలుగు సెకన్లలో వాడు ఒకసారి గోడను గుద్దుకున్నాడు, ఇంకోసారి అక్క చేతిలోని టీ గ్లాసును.

"టవర్ సరిగ్గా అందట్లేదురా," అంది అక్క, చీర కొంగు పిండుకుంటూ.

బస్తర్‌లో ఏది ఆగినా నేరం ముందు టవర్ మీదికే పోతుంది. అందుకు కారణాలు లేకపోలేదు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఈ ఆట ఇంటర్నెట్‌లో నడిచేది కాదు. వాడి కంప్యూటర్‌లోని డిస్కులో కూర్చున్న ఆట. వైఫై రౌటర్ స్విచ్ ఆపేసి మళ్ళీ ఆడమన్నాను. పావుగంటలో మళ్ళీ నల్లబడింది. అత్త మీది కోపం దుత్త మీద చూపడం మానేసి, అసలు వెతుకులాటలోకి దిగాం. దానికి రెండు సాయంత్రాలు పట్టింది.

వీఆర్ యంత్రం చేసే పనిని సంతతో పోల్చి చెబితే మేనల్లుడికి తొందరగా ఎక్కింది. బస్తర్ పల్లెల్లో ఏ రోజు ఎక్కడ సంత అన్నదే క్యాలెండరు. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచి వస్తారు. పొద్దు వాలితే సంత ఎత్తేస్తారు. చింతపండు ఎంత నాణ్యమైనదైనా, సంత ముగిశాక దిగితే ఆ వారానికి అది లేనట్టే. వీఆర్‌లో సంత వారానికోసారి కాక సెకనుకు 90 సార్లు జరుగుతుంది. 90 హెర్ట్జ్ తెర అంటే అదే. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య గడువు 11.1 మిల్లీసెకన్లు. ఆ గడువులోగా గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయాలి, అది కేబుల్ మీదుగా ప్రయాణించి తెర మీదికి చేరాలి. గీయడం 12 మిల్లీసెకన్లకు పూర్తయితే బొమ్మ ఎంత అందంగా ఉన్నా చిత్తు కాగితమే.

సరుకు కూడా తక్కువేం కాదు. 2016లో బజారులోకొచ్చిన ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్‌లను తీసుకోండి. రెండు కళ్ళకూ కలిపి 2,160 అడ్డం, 1,200 నిలువు చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్లు, సెకనుకు 90 సార్లు. గుణిస్తే సెకనుకు దాదాపు 560 కోట్ల బిట్లు. ఇప్పటి హెడ్‌సెట్లలో చుక్కలు అంతకు చాలా రెట్లు ఎక్కువ. అయినా ఆట చెడగొట్టేది సాధారణంగా ఈ పరిమాణం కాదు. సగటున ఎంత వేగంగా పంపారన్న లెక్కను ఇక్కడ ఎవరూ అడగరు. ఏ ఒక్కటి ఆలస్యమైందన్నదే కన్నూ చెవీ అడుగుతాయి.

ఎందుకంత పట్టింపు? మనం తల తిప్పినప్పుడు లోపలి చెవిలోని సమతుల్య అవయవం ఆ కదలికను పసిగట్టి, సుమారు 10 మిల్లీసెకన్లలో కనుగుడ్లను ఎదురు దిక్కుకు జరుపుతుంది. అందుకే నడుస్తూ కూడా బోర్డు మీది అక్షరాలు చదవగలం. హెడ్‌సెట్‌లో బొమ్మ ఈ లెక్కకు అందకుండా వెనకబడితే చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. కడుపులో తిప్పడం మొదలవుతుంది. తల కదిలిన క్షణం నుంచి తెర మీద మార్పు కనబడేదాకా 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో ఒక మోటు లెక్క.

గడువు తప్పిన ప్రతిసారీ తెర నల్లబడితే వీఆర్‌ను ఎవరూ భరించలేరు. కాబట్టి యంత్రం ఒక చిన్న అబద్ధం ఆడుతుంది. కొత్త బొమ్మ రాకపోతే పాత బొమ్మనే తీసుకుని, ఈలోగా తల ఎంత తిరిగిందో అంత పక్కకు జరిపి చూపిస్తుంది. దీన్ని టైమ్‌వార్ప్ అంటారు. డూమ్ ఆట రాసిన జాన్ కార్మాక్ 2013లో ఈ ఉపాయం గురించి వివరంగా రాశాడు. తర్వాత ఆక్యులస్ వాళ్ళు దాన్ని తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. ఒకటి రెండు బొమ్మలు తప్పితే మనకు తెలియనే తెలియదు. వరసగా తప్పితే అంచుల్లో వణుకు కనిపిస్తుంది, చేతులు జంటలుగా కనిపిస్తాయి.

ఇది తెలియడం వల్ల ఒక లాభం ఉంది. మావాడికి వణుకు లేదు, జంట చేతులు లేవు. ఏకంగా నలుపు. గ్రాఫిక్స్ కార్డు అలసిపోయి ఆలస్యం చేస్తుంటే ముందు వణుకు కనబడాలి. కాబట్టి ఇది ఆలస్యం కాదు, దారే తెగిపోతోంది. వాడు అప్పటికే ఆటలోని సెట్టింగులన్నీ తగ్గించి, చెట్లకు ఆకులు కూడా లేకుండా చేసి ఆడుతున్నాడు. పాపం, ఆ ఆకుల తప్పేం లేదు.

ఇంకో సంగతి. బొమ్మా శబ్దమూ కలిసి పోతున్నాయి. వైరున్న హెడ్‌సెట్‌లో ఈ రెండూ ఒకే కేబుల్‌లో వచ్చినా దారులు వేరు. బొమ్మ డిస్‌ప్లేపోర్ట్ దారిలో వస్తుంది. శబ్దం, తల ఎటు తిరిగిందో చెప్పే సమాచారం చాలా సెట్లలో యూఎస్‌బీ దారిలో నడుస్తాయి. రెండు దారులూ ఒకే క్షణంలో తెగాయంటే, దొంగ ఆ రెండూ కలిసే చోట కూర్చుని ఉండాలి. కలిసే చోట్లు ఎన్నో లేవు. హెడ్‌సెట్ కేబుల్, దాని మధ్యలో ఉండే చిన్న డబ్బా, ఆ డబ్బాకు కరెంటిచ్చే అడాప్టర్. శబ్దం ఒక్కటే పోతుంటే దారి వేరు, బొమ్మ ఒక్కటే పోతుంటే వేరు. హెడ్‌సెట్‌లో లోకం ఉండి, అది పక్కకు జారిపోతుంటే కిటికీలోంచి పడే ఎండనో, గదిలోని నిలువుటద్దాన్నో అనుమానించాలి. బాగుచేసేవాడి పనిలో సగం ఈ "ఏవేవి కలిసి పోతున్నాయి" అన్న ప్రశ్నే.

కేబుల్ మీద అనుమానంతో దాన్ని ఊడదీసి గట్టిగా బిగించాం, వంపులు తీశాం, ఇంకో పోర్టులో పెట్టి చూశాం. ఒక్కోసారి ఒక్కటే మార్చాలని షరతు పెట్టాను. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఏం మార్చామో, ఎన్ని నిమిషాలకు నల్లబడిందో వాడి లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాశాం. ఆ పేజీయే మొదటి ఆధారం ఇచ్చింది. పగలు రెండు గంటలు ఆడితే ఒక్కసారీ పోలేదు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్యే పోతోంది.

రెండో ఆధారం చెవికి చిక్కింది. అదీ వాడి చెవికి కాదు, నా చెవికి. వాడు హెడ్‌సెట్‌లో వేరే లోకంలో ఉంటాడు కనక గది శబ్దాలు వినబడవు. నేను మంచం మీద కూర్చుని వింటున్నాను. మూల నుంచి "టక్". వెంటనే కంప్యూటర్ స్పీకర్లో, యూఎస్‌బీ పరికరం ఏదైనా ఊడినప్పుడు విండోస్ వేసే ఆ దిగులు రాగం. ఆ వెంటనే "మావయ్యా, పోయింది." ఈ వరస మూడుసార్లు విన్నాక ఇక అనుమానం లేదు. "టక్" మన్నది వోల్టేజీ స్టెబిలైజర్.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి స్టెబిలైజర్ మనలో చాలామంది ఇళ్ళలో ఉంది. సాయంత్రం వీధంతా నీళ్ళ మోటార్లు వేస్తారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ప్లగ్గులో 230 వోల్టులు ఉండాల్సింది 165 దగ్గర ఊగుతోంది. స్టెబిలైజర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగైదు మెట్లుంటాయి. వోల్టేజీ పడినప్పుడు రిలే అనే చిన్న స్విచ్చు ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు పట్టుకుంటుంది. ఆ "టక్" అదే. ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకునే మధ్య కొన్ని మిల్లీసెకన్లు, ఒక్కోసారి పది దాకా, అవతలి పక్క కరెంటు పూర్తిగా సున్నా. ఫ్రిజ్‌కు ఇది లెక్కలోకి రాదు. పది మిల్లీసెకన్లంటే మన 50 హెర్ట్జ్ కరెంటులో సగం అల.

కంప్యూటర్‌కు కూడా ఇది పట్టదు. దాని పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ ఉంటుంది, చిన్న ఖాళీలను అది తన నిల్వలోంచి పూడ్చేస్తుంది. హెడ్‌సెట్ డబ్బాకు కరెంటిచ్చే అరచేతిలో పట్టే అడాప్టర్ సంగతి వేరు. దాని కెపాసిటర్ చిన్నది. పైగా ఇక్కడో తిరకాసు ఉంది. కెపాసిటర్‌లో దాగే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర దాచుకోగలిగినదానితో పోలిస్తే 160 దగ్గర సగం కన్నా కాస్త తక్కువే దాగుతుంది. అంటే రిలే మెట్టు మార్చేది ఎప్పుడు? వోల్టేజీ పడినప్పుడు. అడాప్టర్ దగ్గర నిల్వ తక్కువగా ఉండేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. గుక్కెడు నీళ్ళున్న బిందె చూసి కుళాయి కట్టేసినట్టు.

పది మిల్లీసెకన్ల ఖాళీకి మూడు నాలుగు సెకన్ల చీకటి ఎందుకన్నది మేనల్లుడి ప్రశ్న. మంచి ప్రశ్నే. డబ్బా ఒక్కసారి ఆరి వెలిగితే కంప్యూటర్ దృష్టిలో అది కొత్తగా వచ్చిన అపరిచితురాలు. నువ్వెవరు, ఏ కంపెనీ, ఎంత వేగం, నీ లోపల ఏమేం ఉన్నాయి అని యూఎస్‌బీ మొదటి నుంచి అడుగుతుంది. తెర కూడా తన కొలతలు మళ్ళీ చెప్పుకోవాలి. శబ్దం ఎటు పంపాలో విండోస్ మళ్ళీ తేల్చుకోవాలి. రైలు ఆగింది ఒక్క నిమిషమే, కానీ దిగినవాళ్ళందరి టిక్కెట్లు మళ్ళీ తనిఖీ చేసి ఎక్కించారన్నమాట.

మందు మాత్రం నవ్వొచ్చేంత సులువు. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులు అని అచ్చేసి ఉంది. అంటే 165 వచ్చినా దానికి ఇబ్బంది లేదు. అది తట్టుకోలేనిది సున్నాను. కాపాడతాడని పెట్టుకున్న కాపలావాడే ఆ సున్నాను తెచ్చి పెడుతున్నాడు. అడాప్టర్‌ను స్టెబిలైజర్ నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్గులో, పిడుగుల సీజన్ కనక ఒక సర్జ్ ప్రొటెక్టర్ మధ్యలో ఉంచి, పెట్టాం. ఆ సాయంత్రం నలుపు లేదు.

కానీ శబ్దం ఇంకా పలుకు మింగుతోంది. చిటపటలు, మధ్యమధ్య ఖాళీలు. వాడి ముఖం వాడిపోయింది. "అంటే నీ స్టెబిలైజర్ కథ తప్పేనా మావయ్యా?" తప్పు కాదు. ఇంట్లో ఇద్దరు దొంగలున్నారు. ఒకణ్ణి పట్టుకున్నాక కూడా సొత్తు పోతుంటే, పట్టుకున్నవాడు దొర అనుకోకూడదు. సరంజామా బాగుచేసేవాళ్ళు ఎక్కువగా తప్పు దారి పట్టేది ఇక్కడే. సరైన మార్పు చేసి, రోగం పూర్తిగా తగ్గలేదని దాన్ని వెనక్కి తీసేస్తారు.

ముందు ఒక సంగతి. శబ్దం విషయంలో మనిషి కనికరం లేనివాడు. సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడిచినా కన్ను సర్దుకుపోతుంది. చెవి అలా కాదు. అనుకూలమైన పరిస్థితుల్లో రెండు మూడు మిల్లీసెకన్ల ఖాళీని కూడా అది పట్టేస్తుంది. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 48,000 ముక్కలుగా పంపుతుంది. వచ్చేవి ఒక్కోసారి గుంపుగా, ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి కనక మధ్యలో బఫర్ అనే నిల్వ పెడతారు. బస్తర్‌లో సల్ఫీ చెట్టుకు కట్టిన కుండ అనుకోండి. మన మన్యంలో దాన్నే జీలుగు కల్లు అంటాం. చెట్టు ఇష్టమొచ్చినప్పుడు ఇష్టమొచ్చినన్ని చుక్కలు కారుస్తుంది, తాగేవాడు కుండ నుంచి తీరిగ్గా ఒంపుకుంటాడు. కుండ పెద్దదైతే ఎండిపోయే భయం లేదు. కానీ చెట్టు నుంచి రాలిన చుక్క నోటికి చేరేసరికి పొద్దుపోతుంది. ఆటలో కత్తి దూసిన చాలాసేపటికి ఖంగుమంటే ఎవరికి కావాలి? అందుకని వీఆర్‌లో కుండ చిన్నదే ఉంచుతారు. చిన్న కుండ కాబట్టి ఎవరు ఏమాత్రం అడ్డుపడినా అడుగు కనిపిస్తుంది.

అడ్డుపడేవాళ్ళలో కంప్యూటర్ లోపలి డ్రైవర్లు కొన్ని. వైఫై డ్రైవరో ఇంకొకటో ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే శబ్దం కుండ నిండదు. లేటెన్సీమాన్ అనే సాధనం వాటిని బయటపెడుతుంది. మావాడి కంప్యూటర్‌లో అంతా శుభ్రంగా ఉంది. యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే పొదుపు సెట్టింగు ఒకటుంటే ఆపేశాం. వేడి కూడా చూశాం, ఫ్యాను జాలీలో దుమ్ము దులిపాం. ఏదీ తేడా చూపలేదు.

దొంగ బ్లూటూత్. హెడ్‌సెట్ స్పీకర్లలో పస లేదని వాడు అప్పుడప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు మారతాడు. ఆ సాయంత్రం వాడి చెవిలో ఉన్నవి అవే. దాని డాంగిల్ హెడ్‌సెట్ ప్లగ్గు పక్కనే, నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో ఉంది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 79 మార్గాల మీద సెకనుకు 1,600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. యూఎస్‌బీ 3.0 దారిలో సెకనుకు 500 కోట్ల బిట్లు పరిగెడుతుంటే ఆ పరుగు రొద సరిగ్గా ఆ పట్టీలోనే వినబడుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లో విడుదల చేసిన పత్రంలోనే దీన్ని కొలిచి చూపించారు. తిరనాళ్ళలో లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి గుసగుసలాడినట్టు. అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ను బల్ల అవతలి అంచుకు జరిపాం. చిటపటలు దాదాపు పోయాయి. స్నేహితుడితో మాట్లాడదామని మైకు తెరిచినప్పుడు మాత్రం సంగీతం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు మారేది. అది రోగం కాదు. మైకు తెరవగానే బ్లూటూత్ పాటల పద్ధతి వదిలి ఫోన్ మాటల పద్ధతికి దిగుతుంది. మైకు విడిగా పెట్టుకోవడమే దారి.

ఇక టవర్ సంగతి. అక్క మాట పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. బస్తర్‌లో మాట తెగిపోవడం అన్నది ఒక తరం అనుభవం. 2007లో నారాయణపూర్ వైపు మావోయిస్టులు హైటెన్షన్ కరెంటు టవర్లు పేల్చేసినప్పుడు ఈ ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉంది. మావోయిస్టు ప్రభావిత జిల్లాల కోసమని కేంద్రం 2014లో ఆమోదించిన పథకం కింద దేశంలో 2,343 చోట్ల 2జీ టవర్లు పెట్టారు. వాటిని 4జీకి మార్చడానికి 2022లో గానీ ఆమోదం రాలేదు. 2జీ ఫోన్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. ముక్క పోతే అవతలి ఫోన్ పాత ముక్కనే మళ్ళీ వినిపిస్తుంది, ఇంకా పోతుంటే గొంతు తగ్గిస్తూ 320 మిల్లీసెకన్లకు పూర్తిగా మౌనంలోకి జారుతుంది. టైమ్‌వార్ప్ ఆడే అబద్ధానికి ఇది పాతికేళ్ళ ముందటి అక్క అన్నమాట.

ఈ తెగిపోయే దారి మీదే 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. బీబీసీలో పనిచేసిన జర్నలిస్టు శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు చెందిన బిల్ థీస్ సాయంతో దాన్ని కట్టారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఫోన్ చేసి, ఒక అంకె నొక్కి, తమ భాషలో చెప్పాల్సింది చెప్పేయడమే. చేతిపంపు చెడింది, కూలి రాలేదు, మాస్టారు బడికి రావడం లేదు. ఇంకో అంకె నొక్కితే మిగతావాళ్ళు చెప్పినవి వినొచ్చు. అవతల మనిషి అదే క్షణంలో ఉండాల్సిన పని లేదు. తర్వాత బుల్టూ రేడియో వచ్చింది. బ్లూటూత్‌కు పల్లె నోట్లో తిరిగిన పేరే బుల్టూ. నెట్ ఉన్న చోట కార్యక్రమాన్ని ఫోన్‌లోకి దించుకుని, ఊళ్ళో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంచుకోవడం.

మేనల్లుడి బల్ల మీద చిటపటలాడిన బ్లూటూతే అక్కడ ఒక్క పలుకు పోకుండా గోండి పాట మోస్తుంది. అదే రేడియో, అదే 2.4 గిగాహెర్ట్జ్. ఫైలు పంపేటప్పుడు ముక్క పోతే మళ్ళీ పంపుతుంది, ఇంకా పోతే ఇంకోసారి పంపుతుంది, నిమిషం ఆలస్యమైనా అడిగేవాడు లేడు. ఆట శబ్దానికి ఆ వెసులుబాటు లేదు. మళ్ళీ పంపేలోగా సంత ఎత్తేస్తారు. సీజీనెట్ వాళ్ళు గడువు లేని సంత కట్టుకున్నారు. వీఆర్ వాళ్ళు గడువును ఇంకా ఇంకా బిగించుకుంటూ పోతున్నారు. భూస్థిర ఉపగ్రహం మీదుగా నడిచే ఇంటర్నెట్‌లో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి దిగడానికే మాటకు పావు సెకను పడుతుంది. పాట దించుకోవడానికి అది చాలు. ఎదుటివాడితో కత్తియుద్ధానికి ఎంత డబ్బు పెట్టినా చాలదు, కాంతి వేగం ఎవరి మొహమాటమూ చూడదు.

మూడో రోజు పొద్దున విశాఖ ప్యాసింజర్ ఎక్కాను. అరకు దాటి రైలు ఘాట్‌లోకి దిగుతోంది. ఈ లైనులో సొరంగాలు యాభైకి పైనే. బొర్రా గుహల స్టేషను ముందు మేనల్లుడి ఫోన్ వచ్చింది. "మావయ్యా, రాత్రి రెండు గంటలు ఆడాను. నల్లబడటం ఒక్కసారి కూడా..." అంతే, సొరంగం. మాట ముందు అదే అక్షరం దగ్గర సాగింది, తర్వాత సన్నగిల్లింది, తర్వాత ఏమీ లేదు.

చిమిడిపల్లి దగ్గర ఫోన్ టింగుమంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. "నల్లబడటం ఒక్కసారి కూడా లేదు మావయ్యా. కానీ అమ్మ ఆ స్టెబిలైజర్ తీసుకెళ్ళి టీవీకి పెట్టింది. ఇప్పుడు సెట్‌టాప్ బాక్స్ సీరియల్ మధ్యలో ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. టవర్ సరిగ్గా లేదంటోంది."